రిలీఫ్ అడిగిన లోకో పైలట్

జిల్లాలు విడదీసి నిడదవోలును తూర్పు గోదావరిలో కలిపిన ఏడాది నేను రాజమండ్రిలో చీఫ్ లోకో ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు ఇంజిన్ నడిపినవాణ్ణే. లోకో ఇన్‌స్పెక్టరంటే తనిఖీకి వచ్చి తప్పులు పట్టే మనిషని బయటివాళ్లు అనుకుంటారు. అది సగం పనే. మాకు ఒక్కొక్కరికీ కొంతమంది లోకో పైలట్లను అప్పగిస్తారు. వాళ్లతో పాటు ఇంజిన్ ఎక్కి బండి నడిపే తీరు చూడాలి. నిద్ర, ఆరోగ్యం, ఇంటి పరిస్థితి కనుక్కోవాలి. కాగితాల మీద దీని పేరు కౌన్సెలింగ్. నా భాషలో చెప్పాలంటే, ప్రభుత్వ జీతం తీసుకుని పరాయివాళ్ల ఇంటి సంగతుల్లో తలదూర్చడం.

అలా నాకు అప్పగించినవాళ్లలో కరుణ ఒకరు. కొవ్వూరు మనిషి, లూథరన్ చర్చి కుటుంబం, తండ్రి బడిపంతులు. గూడ్సు బళ్లు నడిపేది. ఆమె బ్రేకు వేస్తే చివరి పెట్టెలో ఉన్న గార్డుకు బండి ఆగిన సంగతి కిటికీలోంచి చూస్తే గానీ తెలిసేది కాదు. ఇప్పుడాయన్ని ట్రైన్ మేనేజర్ అనాలట, అలవాటు పోలేదు.

ఒకరోజు ఆమె నా గదికి వచ్చి కూర్చుంది. షుగరు వచ్చిందట. రైల్వే డాక్టరుగారు పిండి పదార్థాలు బాగా తగ్గించమన్నారు. అన్నం, ఇడ్లీ పక్కనపెట్టి గుడ్లు, చేపలు, కూరలు తినమన్నారు. బండి నడిపేవాళ్లకు ఎప్పటికప్పుడు వైద్య పరీక్ష ఉంటుంది. షుగరు అదుపులో లేకపోతే ఇంజిన్ దిగి బల్ల దగ్గర కూర్చోవాల్సిందే. డాక్టరు చెప్పినట్టు చెయ్యమ్మా, గోదావరి జిల్లాలో పుట్టి అన్నం మానడం కష్టమే గానీ తప్పదు కదా అన్నాను.

"అన్నం మానడం నాకు కష్టం కాదండి. తేలిక. అందుకే భయంగా ఉంది" అంది.

అప్పుడు పాత సంగతి చెప్పింది. ఆమె అసిస్టెంటుగా చేరిన రోజుల్లో ఇంజిన్లలో మరుగుదొడ్లు ఉండేవి కావు. ఇప్పటికీ కొత్తవాటిలో కొన్నిటికే ఉన్నాయి. మగవాళ్లం బండి ఆగినచోట దిగి పట్టాల పక్కకు వెళ్లొచ్చేవాళ్లం. ఆమె ఎక్కడికి దిగుతుంది? డ్యూటీ ఉందంటే ముందునుంచే తినడం, నీళ్లు తాగడం మానేసేది. డ్యూటీ అంతా ఖాళీ కడుపే. ఇంటికి చేరాక దొరికిందల్లా తినేసి, అసహ్యం పుట్టి, వాంతి చేసుకునేది. ఆకలిని గెలిచానన్న గర్వం కూడా ఉండేదట. కొన్నేళ్లు అలా సాగాక, భీమవరంలో ఉన్న అక్క తన ఇంట్లో పెట్టుకుని, పూటపూటా పక్కన కూర్చుని తినిపించి మళ్లీ మనిషిని చేసింది.

అన్నేళ్లు ఆమె ఎక్కిన ఇంజిన్లే నేనూ ఎక్కాను. ఈ సంగతి నాకు తట్టనే లేదు. విన్నాక సిగ్గేసింది.

డాక్టరుకు ఇదంతా చెప్పలేదా అంటే, చెబితే ఇంజిన్ దించేస్తారని భయమంది. చెప్పి తీరాలన్నాను. ఈసారి వెళ్లినప్పుడు చెబుతానని, అందాకా తనను కనిపెట్టి ఉండమని నన్ను అడిగింది. ఆ కొత్తలో వీలైనప్పుడల్లా ఆమె బండే ఎక్కుతూ వచ్చాను.

మొదట అంతా సవ్యంగానే సాగింది. క్యారేజీ నిండా గుడ్లు, చేపల వేపుడు, దొండకాయ కూర తెచ్చుకునేది. "మేడం గారికి రోజూ ఆదివారమేనండి, నాకే రోజూ సోమవారం" అని ఆమె అసిస్టెంటు శ్రీను పులిహోర డబ్బా తీస్తూ ఆటపట్టించేవాడు. షుగరు తగ్గింది. మనిషీ తగ్గింది. డ్యూటీకి సంతకం పెట్టే లాబీలో అందరూ బాగున్నావంటే బాగున్నావన్నారు. చర్చిలో ఆడవాళ్లయితే కిటుకు చెప్పమని వెంటపడ్డారట. ఆ మెచ్చుకోళ్లు ఆగితే బాగుండునని నాకుండేది. కానీ ఎంతమంది నోళ్లు మూయిస్తాం?

ఒకనాడు రాజమండ్రి నుంచి గూడ్సుతో బయల్దేరాం. ఇంజిన్‌లో ఇద్దరూ ప్రతి సిగ్నల్ రంగునూ పైకి చెప్పాలి. ఒకరు అనగానే రెండోవాళ్లు చూసి తిరిగి అనాలి. కొవ్వూరు దాటాక శ్రీను అన్నదానికి కరుణ జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. కాసేపటికి మళ్లీ అలాగే అయింది. ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి నిడదవోలులో మమ్మల్ని లూప్‌లైన్‌లో ఆపారు.

"భోంచేశావా అమ్మా?" అన్నాను.

"అయిందండి" అంది.

ఎక్స్‌ప్రెస్ వెళ్లిపోయింది. ఆమె సిగ్నల్ మీంచి చూపు తిప్పకుండానే మళ్లీ మాట్లాడింది. "అవలేదండి. నిన్న కూడా అవలేదు. ముందు అన్నం మానేశాను. తర్వాత గుడ్డు, ఆ తర్వాత చేప. ఇప్పుడేదీ తినబుద్ధి కావట్లేదు. సిగ్నల్ ఎర్రగా కనిపిస్తోంది సార్, కానీ బుర్రకు ఎక్కడానికి టైం పడుతోంది."

శ్రీను మంచి మనసుతోనే ఒక సలహా చెప్పాడు. "సార్ ఉన్నారు కదండి, సార్ నడుపుతారు. మీరలా కూర్చోండి. ఎవరికీ తెలియదు." నాకు నడిపే అర్హత ఉంది. కానీ ఏమీ తెలియనట్టు నడపడం కుదరదు. ఆమె తనంతట తాను చెబితే పైలట్ రిలీఫ్, అంటే తన బదులు మరొకర్ని, అడిగినట్టు అవుతుంది, నేను చెబితే ఇన్‌స్పెక్టరు దించేసినట్టు రికార్డుకెక్కుతుంది. అందుకని కాసేపు ఆగాను. ఆమె వాకీటాకీ తీసుకుని, తనకు రిలీఫ్ కావాలని స్టేషన్ మాస్టరుకు చెప్పేసింది.

క్షణాల్లో కంట్రోలు నుంచి ఫోను. సెక్షనులో బళ్లన్నిటినీ నడిపించేది ఆ కంట్రోలరే. ఆయన గొంతు పెద్దది. సిగ్నల్ ఇవ్వబోతుంటే ఇప్పుడేం జబ్బు, జ్వరమా అని కేకలేశాడు.

"జ్వరం కాదండి. అన్నం తినలేకపోతున్నాను. ఇలా ఉండి బండి నడపకూడదు" అంది కరుణ.

ఆ మాటతో ఆయన గొంతు తగ్గించి, "దిగండమ్మా. బండి సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఆమెను స్టేషన్ మాస్టరుకు అప్పగించి, అక్కకు కబురు చేసి, గూడ్సును నేనే ముందుకు తీసుకెళ్లాను.

ఈసారి కరుణ ఏదీ దాచకుండా చెప్పింది. అంతా విన్న డాక్టరుగారు కోప్పడలేదు. ఈ సంగతి తెలిసుంటే పథ్యం వేరేగా రాసేవాణ్ణన్నారు. మానసిక వైద్యుడి దగ్గరకు పంపారు. ఇద్దరూ కలిసి కొత్త పథ్యం రాశారు. అందులో పూర్తిగా మానేయమన్న పదార్థం ఒక్కటీ లేదు. ప్రతి పూటా కొద్దిగా అన్నం ఉండాలి, వేళకు తినాలి, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. మిగతా షుగరు సంగతి మందులు చూసుకుంటాయి. కొన్ని నెలలు ఆమె లాబీలో బల్ల దగ్గర పనిచేసింది. బయట ఇంజిన్ కదిలితే ఏడుపొచ్చేదని తర్వాత చెప్పింది. చివరికి వైద్యులు సరేనన్నాక మొదట మరో పైలట్‌తో, ఆ తర్వాత తానే నడిపింది. ఆమె బండి నడపడానికి తగినదని నేను సంతకం పెట్టిన రోజు నాకు కలిగిన సంతోషం నా ప్రమోషన్లకు కూడా కలగలేదు.

ఈ వ్యవహారంతో నా పనిలో ఒక మార్పు వచ్చింది. మా వైపు భోంచేశారా అనేది పలకరింపు. తిన్నా తినకపోయినా అయిందండి అనేస్తాం. అందుకని కౌన్సెలింగ్‌లో ఆ మాట మానేశాను. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకునేవాణ్ణి. చాలామంది విసుక్కున్నారు, వెనకాల నవ్వుకున్నారు కూడా. రిటైరయ్యేలోపు ఇద్దరు మాత్రం గుమ్మం దాకా వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. ఇద్దరూ మగవాళ్లే.