కోరుట్లలో చేయించిన ట్యాంకు

కరోనా సద్దుమణిగిన మరుసటి జూన్‌లో నేను జగిత్యాలలోని ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ కాలేజీలో వర్క్‌షాప్ సూపరింటెండెంటుగా చేరాను. లేతు మెషీన్ల నుంచి వెల్డింగు సెట్ల దాకా ఆ షెడ్డులో జరిగే ప్రతి పనికీ జవాబుదారీ అన్నమాట. చేరిన వారానికే చైర్మన్ గారు పిలిచి, పంద్రాగస్టుకు రిమోట్‌తో నడిచే యుద్ధ ట్యాంకు నమూనా కావాలన్నారు. అసలుదానిలో ఆరో వంతు: నాలుగడుగుల పొడవు, మోకాలెత్తు.

ఆ పనిలో నాకు జోడీ రజిత. ఎలక్ట్రానిక్స్ లెక్చరర్, కాంట్రాక్టు మీద ఉంది. బీర్పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆ ఏడు ఆమె బ్రాంచిలో పిల్లలు తగ్గారు. కాంట్రాక్టు పొడిగిస్తారా అని అడిగితే, ట్యాంకు నడిచాక చూద్దామన్నారు చైర్మన్. నాకు ఒళ్లు మండింది. మనిషి నోటికాడి ముద్దను తీసుకుపోయి ఆటబొమ్మకు కట్టడమేమిటి? కానీ కొత్తగా చేరినవాణ్ని, పనిలోకి దిగాను.

ఇలాంటి బండికి ప్రాణం చక్రాల చుట్టూ తిరిగే పట్టాలు. బైకు గొలుసులను జంటగా పరిచి, లింకు లింకుకూ ఇనుప పట్టీ వెల్డు చేశాం. స్టీరింగు ఉండదు. చెరో పక్క ఒక కారు వైపర్ మోటారు. ఎడమకు తిరగాలంటే ఎడమదాన్ని ఆపి కుడిదాన్ని నడపాలి, ఎద్దుల బండిని మలిపినట్టే. రిమోట్ సైగను అందుకుని మోటార్లకు కరెంటు పంచే బోర్డులు రజిత తయారుచేసింది. అవి తడిస్తే కాలిపోతాయి, పండగలోపు మళ్లీ దొరకవు.

బాడీని మాత్రం కోరుట్లలో రేకుపని చేసే సత్తయ్యకు అప్పగించాను. డ్రాయింగు వాట్సాప్‌లో పంపి, ఫోనులో “ట్యాంకు బాడీ, వారంల కావాలె” అన్నాను. డ్రాయింగులో చక్రాలు, ఫిరంగి గొట్టం గీయలేదు, అవి మా వర్క్‌షాప్ పని. మా వైపు ట్యాంకు అంటే ఇంటి మీద ఉండే నీళ్ల ట్యాంకే. గల్ఫు నుంచి వచ్చినవాళ్లు కట్టే ఇళ్లకు సత్తయ్య చేసేవీ అవే. ఆ సంగతి నాకు ట్రాలీ ఆటోలోంచి బాడీ దిగాక గాని తట్టలేదు. సందు లేకుండా చుట్టూ వెల్డింగు, లోపల తుప్పు పట్టకుండా రెండు పూతల రెడ్ ఆక్సైడ్, వెనక అడుగున నల్లా బిగించే పైపు ముక్క!

“సుక్క కారది సార్. దినమంత నీళ్లు నింపి చూసిన,” అన్నాడు సత్తయ్య గర్వంగా. ఏటవాలు ముందుభాగం తట్టి, “గీ వంకర ఎందుకో తెల్వలే. మెట్ల కింద పెడ్తరేమో అనుకున్న,” అని కూడా అన్నాడు.

నేను మండిపడ్డాను. అక్కడక్కడ అతుకు వేస్తే చాలే, బరువెందుకు పెంచినట్టు? రజిత నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. “ఉండనీయుండ్రి సార్. గా పైపును పొగగొట్టం చేద్దాం,” అంది.

పైపు చివర మూత బిగించి అలాగే చేశాం. బోర్డులూ మోటార్లూ బాడీ లోపల బిగించి, ఇరుసులు బయటికొచ్చే చోట గ్రీజు కారకుండా రబ్బరు ఆయిల్ సీళ్లు వేశాను. రివెట్లలా కనిపించేలా పుట్టీ చుక్కలు పెట్టి, తుప్పు రంగు కోసం పట్టాల అంచులకు ఇటుక పొడి రుద్దాం. సిరిసిల్లలో మా వియ్యంకుడి సాంచెల షెడ్డు నుంచి వేస్టు నూలు తెప్పిస్తే, రజిత దాన్ని పేని లాగుడు తాడూ, పైన కప్పే వలా అల్లింది. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు.

పంద్రాగస్టు ముందురోజు గట్టి వాన పడింది. మైదానం చివర జేసీబీ మట్టి తీసిన పల్లం నిండి, మామూలు మడుగులా కనిపించింది. జెండా ఎగిరింది, ట్యాంకు కదిలింది. ఇంకా ముందుకు పోనీయమని చైర్మన్ చెయ్యి ఊపారు. రిమోట్ పట్టుకున్న రజిత పోనిచ్చింది. ట్యాంకు ముక్కు కిందికి దిగింది, చూస్తుండగానే సగం బాడీ మునిగింది.

“అయిపోయింది సార్,” అంది రజిత. రిమోట్ మీంచి వేలు తీయబోయింది.

“ఆపకు బిడ్డా, ముందుకే ఇయ్యి,” అన్నాను.

పట్టాలు బురదను గీరాయి. కాసేపు అక్కడే కొట్టుకుని, ట్యాంకు మెల్లగా అవతలి గట్టెక్కింది, ఫిరంగి గొట్టం నుంచి నీళ్లు కార్చుకుంటూ. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

“నీళ్లల్ల గూడ నడుస్తదా ఇది?” అన్నారు చైర్మన్.

“నడుస్తది సార్. గట్లనే చేపిచ్చినం,” అంది రజిత, రెప్ప వేయకుండా.

వర్క్‌షాప్‌కు తెచ్చి పొగగొట్టం మూత విప్పాం. లోపలికి నీళ్లు చేరి ఉంటే అక్కడినుంచే కారాలి. ఏమీ రాలేదు. రజిత అక్కడే స్టూలు మీద కూలబడి నవ్వుతూ ఏడ్చింది. ఆ నెలలోనే ఆమె కాంట్రాక్టు పొడిగించారు.

సత్తయ్య ఇప్పటికీ నా నోట ట్యాంకు మాట వస్తే, “నీళ్లదా సార్, ఫిరంగిదా?” అని అడుగుతాడు. సరైన ప్రశ్నే. ఆ తర్వాత నేనిచ్చిన ప్రతి డ్రాయింగు మీదా వస్తువు పేరు కింద దాని పనేమిటో రాశాను. బోర్డులు పెట్టాల్సిన ఏ పెట్టెనైనా ముందు ఒక దినం నీళ్లు నింపి చూశాను.