శుక్రవారం నాటి నాలుగు భోజనాలు

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, మా మెస్సుకు క్యారియర్ల కోసం వచ్చే ఆడవాళ్లలో ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు. మద్రాసు దగ్గరున్న ఆ పెద్ద ఆటల పార్కుకు పిల్లల్ని తీసుకుపోతున్నాం, టిక్కెట్టుతోపాటు తిండికి కూడా ముందే కట్టేస్తే కలిసొస్తుందా, లోపల విడిగా కొనుక్కుంటే మేలా అని. నేనొకసారి పోయి వచ్చానని వాళ్లకు తెలుసు. పైగా తిండి వ్యాపారంలో ఉన్నదాన్ని, నాకంటే బాగా ఎవరు చెబుతారని వాళ్ల నమ్మకం.

ఆ మాట నిజమే. కృష్ణపట్నం పోర్టుకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మెస్సు నడుపుతున్నాను. లారీ డ్రైవర్లు, కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి ఒరిస్సా నుంచీ బీహారు నుంచీ వచ్చినవాళ్లు మా దగ్గర తింటారు. చాలామంది నెల డబ్బులు ముందే కడతారు. కట్టినవాడు అన్ని పూటలూ రాడు. జ్వరమొచ్చి పడుకుంటాడు, ఊళ్లో పెళ్లని వెళ్లిపోతాడు, రాత్రి డ్యూటీ చేసి మత్తుగా నిద్రపోతాడు. ఆ తినని పూటలే నా లాభం. ఇందులో దాపరికమేమీ లేదు, మెస్సు పెట్టిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే.

అందుకే మా అన్న ఆ పార్కు తిండి ప్లాను గురించి ఫోనులో చదివి వినిపించినప్పుడు, సగం వినకుండానే వద్దన్నాను.

అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. పోర్టులో వేబ్రిడ్జి దగ్గర లారీలు తూకం వేసే పని చేసేవాడు. బీపీ ఉందన్న సంగతే తెలియకుండా ఏళ్లు గడిచాయి. తెలిసేనాటికి రెండు కిడ్నీలూ పోయాయి. కుదిరిన పెళ్లి ఆ రిపోర్టులతోనే ఆగింది. వాళ్లను తప్పు పట్టలేదు గానీ, ఆ పెళ్లివారి ఊరు దాటి బస్సులో పోవాల్సి వస్తే ఇప్పటికీ నేను కిటికీలోంచి బయటికి చూడను. సోమ, బుధ, శనివారాలు నెల్లూరులో డయాలసిస్. అమ్మ కిడ్నీ ఇస్తానంది, షుగరుందని వద్దన్నారు. నా రక్తం ఆయనకు కలవలేదు. ఇక మిగిలింది వెయిటింగు లిస్టులో పేరు రాయించుకుని ఎదురుచూడటం.

కిడ్నీ లేని మనిషికి అన్నిటికంటే కష్టం తిండి కాదు, నీళ్లు. రోజుకు ఒక చిన్న సీసా నీళ్లు, అంతే. తాగింది బయటికి పోదు, ఒళ్లు ఉబ్బి గుండెకు ఎక్కుతుంది. మా ఎండల్లో ఆ సీసాతో పొద్దు గడపడం ఎలాగో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పుక్కిలించి ఉమ్మేసేవాడు. నాలుక మీద ఐసుముక్క పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఎవరూ నియమం పెట్టలేదు గానీ, మా ఇంట్లో ఆయన ఎదుట ఎవరూ నీళ్లు తాగడం మానేశాం. దాహమేస్తే లేచి వంటింట్లోకి పోయి తాగేవాళ్లం. బళ్లో చదివే నా కూతురికి కూడా ఎవరూ చెప్పకుండానే అలవాటైపోయింది.

అమ్మ శుక్రవారాలు పస్తుండేది. మా చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఆడవాళ్లందరూ పొద్దున చేరి, మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన ముగించి అప్పుడు తింటారు. మిగతావాళ్లు మధ్యలో నీళ్లు తాగుతారు, టీ కూడా తాగుతారు. అమ్మ గుక్కెడు నీళ్లు కూడా ముట్టేది కాదు. షుగరుతో ఇదేం పట్టుదలని నేను ప్రతి వారం అరిచేదాన్ని. ఆమె వినేది కాదు. నిజం చెప్పాలంటే, అరుస్తూనే ఆమె మానకూడదని కోరుకునేదాన్ని. నా భక్తి అంతంత మాత్రం. కానీ అమ్మ శుక్రవారం పస్తున్నంత కాలం అన్నకు ఏమీ కాదని నా మనసులో గట్టిగా పాతుకుపోయింది.

మేం పార్కుకు పోవడానికి ముందటి చలికాలంలో డాక్టరు అన్నకు అసలు సంగతి చెప్పారు. గుండె బాగా బలహీనపడింది, ఎవరి కిడ్నీ దొరికినా ఆపరేషనుకు తట్టుకోదు, లిస్టులోంచి పేరు తీసేస్తున్నాం అని. ఆ రోజు అన్నతో నేనే వెళ్లాను. తిరుగు బస్సులో మా స్టాపు వస్తోందనగా, అమ్మకు చెప్పొద్దన్నాడు. సరేనన్నాను.

పార్కుకు తీసుకుపోతానని నా కూతురికి ఎప్పుడో మాటిచ్చి ఉన్నాడు. పాపకు అయిదో తరగతి పూర్తయిన వేసవిలో ఆ మాట ఉన్నట్టుండి గట్టిగా పట్టుకున్నాడు. డయాలసిస్ చేయించుకున్న మర్నాడు ఆయన మంచం దిగలేడు. అలా వారమంతా తీసేస్తే మిగిలేది శుక్రవారం ఒక్కటే. మా ఆయన పోర్టులో క్రేను మీద పని చేస్తాడు, సెలవు దొరకలేదు. అన్న, అమ్మ, నేను, పాప, నలుగురం.

మధ్యాహ్నం భోజనాలు అయిపోయి మెస్సు ఖాళీగా ఉన్న వేళ, బల్ల మీద కూర్చుని అన్న ఫోనులో చదివాడు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చిరుతిండి. చేతికొక పట్టీ, తలా ఒక గ్లాసు ఇస్తారు. ఆ గ్లాసుతో రోజంతా ఎన్నిసార్లైనా చల్లని పానీయాలు పట్టుకోవచ్చు. ఈ చివరి ముక్క ఆయన రెండుసార్లు చదివి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంకో షరతు ఉంది. ఒక టిక్కెట్టు మీద వచ్చినవాళ్లలో తీసుకుంటే అందరూ తీసుకోవాలి, ఒకరి పట్టీ మీద ఇంకొకరు తినకుండా.

నేను వేళ్లు మడిచి చెప్పాను. నలుగురిలో అమ్మ శుక్రవారం తినదు. నువ్వు ఇంట్లోంచి తెచ్చుకున్న చప్పిడి కూడు తప్ప తినకూడదు, గ్లాసు చేతికిచ్చినా తాగకూడదు. తినే ఇద్దరి కోసం నలుగురికి కడతామా? నేనూ పాపా లోపల ఏదో కొనుక్కు తింటే అందులో సగం కూడా కాదు.

"మనలాంటోళ్ల మీదే వాళ్లు బతికేదన్నా. నాకు తెలీదా ఈ యాపారం," అన్నాను.

ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు. "నన్ను తినేవాళ్లల్లోంచి తీసేసి శానా కాలమైంది చెల్లా. ఆ ఒక్కరోజుకి నలుగురికీ ఎయ్యి. అమ్మ గూడా తింటాది ఆరోజు."

అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని రేపటి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆ మాట విన్నాక కూడా చేట తిప్పుకుంటూ ఏరుతూనే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బులకు కాదు. అమ్మ చేత పస్తు మాన్పించాలని ఆయన ఎందుకు పట్టుపట్టాడో నాకొక్కదానికే తెలుసు. ఆమె శుక్రవారం తింటే ఇక అయిపోయినట్టేనని నా భయం. ఆ భయం బయటికి చెప్పలేక, దండగ దండగని సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నాను. ఆయన రాత్రి నలుగురికీ కట్టేశాడు. కట్టింది తిరిగి రాదని కింద రాసి ఉంది.

శుక్రవారం చీకటితో అద్దె కారులో బయల్దేరాం. గూడూరు దగ్గర నిమ్మకాయల లారీలు అడ్డం పడి ఆగిపోయాం, అక్కడే తెల్లారింది. అమ్మ ఒళ్లో స్టీలు క్యారియరు. అందులో రెండుసార్లు ఉడికించి నీళ్లు వంచేసిన కూర, ఉప్పులేని అన్నం, అన్నవి. పార్కు గేటులో బయటి తిండి పనికిరాదని సెక్యూరిటీ అతను ఆపాడు. అన్న మాటామంతీ లేకుండా చొక్కా చేయి పైకి మడిచాడు. సూదులు గుచ్చి గుచ్చి తాళ్లలా ఉబ్బిన నరాలు చూసి, అతను క్యారియరు మూత కూడా తీయకుండా పొమ్మన్నాడు. అన్న చేయి కిందికి దించుకున్న తీరు చూసి నాకు ఏడుపొచ్చింది. బస్సు పాసు చూపించి జేబులో పెట్టుకున్నట్టుగా దించుకున్నాడు.

లోపల నా కూతురు ఎక్కనిది లేదు. అన్నా అమ్మా చెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. నలుగురి డబ్బూ ఇద్దరమే రాబట్టాలన్న కసితో నేను గ్లాసు మీద గ్లాసు పట్టుకున్నాను. కానీ పట్టుకుని తిన్నగా మరుగుదొడ్ల గోడ వెనక్కి పోయి తాగాను. పాప కూడా అంతే, నిండిన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గోడ వెనక్కి నడిచింది. అన్న చూశాడు.

"ఈడికొచ్చి తాగు తల్లీ," అని పిలిచాడు. "ఎంత చల్లంగా ఉండాదో మామకు చెప్పు."

పాప నావైపు చూసింది. ఆయన పక్కన నిలబడి బితుకుబితుకుమంటూ రెండు గుక్కలు తాగి, పళ్లు జివ్వుమంటున్నాయి మామా అంది. ఆయన సంతోషంగా తలాడించాడు. అమ్మ మాత్రం పక్కకు తిరిగి కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె పెదాలు ఎండి పొరలు లేచి ఉన్నాయి.

భోజనాల హాలు రెండున్నరకల్లా మూసేస్తారట. అమ్మ పస్తు విడిచేది మూడింటికి. పట్టీ ఎవరి చేతికుంటే వాళ్లే వచ్చి చూపించాలి కాబట్టి, అన్న ఆమె చేయి పట్టుకుని వరుసలో నిలబెట్టాడు. బిర్యానీ, చేపముక్క, పప్పు, పెరుగన్నం, గులాబ్‌జామ్. ఆ చేపముక్కను మా వైపు వాళ్లెవరూ చేప అనరు. నాలుగు పళ్లేలూ తెచ్చుకుని కూర్చున్నాం. అన్న తన పళ్లెం పక్కకు జరిపి క్యారియరు విప్పుకున్నాడు. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని పళ్లెం వైపు చూస్తోంది.

అప్పుడు చెప్పాడు. "అమా, లిస్టులోంచి నా పేరు తీసేసినారు. ఇంక రాదు. దేనికిమా ఈ పస్తు. తిను."

పాప బిర్యానీలో ముక్కలు వెతుక్కుంటోంది.

"నాకు తెలుసు నాయనా," అంది అమ్మ.

అన్నను డయాలసిస్ మిషను మీద పడుకోబెట్టినప్పుడు, తాను వెళ్లి అడిగితే నర్సమ్మ చెప్పిందట. డాక్టరు చెప్పిన వారమే. అప్పటి నుంచి ఆమెకు తెలియదనుకుని మేమిద్దరం, తెలిసినట్టు బయటపడకుండా ఆమె తిరుగుతున్నాం.

"మరి తెలిసి గూడా ఎందుకుమా?" అన్నాడు.

"దేవుణ్ణి అడిగేది ఎప్పుడో మానేసినా," అంది. "నీళ్లకి నువ్వు పడే యాతన నేను తీసుకోలేను గదా. వారానికి ఒక్కరోజన్నా నీతోపాటు నోరెండబెట్టుకుందామని."

నేను ఆమె మీద అరిచిన శుక్రవారాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ పస్తు మీద నేను ఎంత బరువు పెట్టానో ఆమెకు తెలియదు. ఆమె అడగడం మానేసిందని నాకు తెలియదు. అన్న చావబోతున్నాడని నేను నిజంగా నమ్మింది డాక్టరు చెప్పినప్పుడు కాదు, ఆ బల్ల దగ్గర.

అన్న తన సంచీలోంచి నీళ్ల సీసా తీశాడు. సగానికి కొంచెం తక్కువ ఉంది, అది రాత్రి పడుకునేదాకా రావాలి. పార్కువాళ్లు ఇచ్చిన ఖాళీ గ్లాసు ముందుకు లాగి, ఆ నీళ్లలో సగం అందులో పోసి అమ్మ ముందు పెట్టాడు. రెండడుగుల అవతల కావలసినంత పట్టుకోమని మిషను ఉంది. ఎవరం అటు చూడలేదు.

అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. గ్లాసెత్తి ఆ నీళ్లు తాగింది. తర్వాత పళ్లెంలో ఉన్నదంతా, ఆ చప్పటి చేపముక్కతో సహా, ఒక్క మెతుకు వదలకుండా తింది. అన్న తన చప్పిడి కూడు తిన్నాడు. ఆమె తింటుంటే మధ్యమధ్యలో తలెత్తి చూస్తున్నాడు. ఆయన పళ్లెంలోది నేను పాపకు పెట్టాను. ఆ సాయంత్రం చిరుతిండి తీసుకోకుండానే బయల్దేరి వచ్చేశాం.

అన్న ఆ ఏడు వానలు పట్టాక పోయాడు. రోడ్డు మునిగి నెల్లూరుకు బండ్లు తిరగలేదు, ఒక డయాలసిస్ తప్పింది. రెండో డయాలసిస్ దాకా ప్రాణం ఆగలేదు.

అమ్మ ఇప్పుడు శుక్రవారాలు పస్తుండదు. ప్రార్థనకు పోతుంది, మధ్యలో లేచి వచ్చి మెస్సులో డ్రైవర్ల పక్కన కూర్చుని అన్నం తింటుంది. వడ్డించేది నేనే. ఆమె పిలవకుండానే వచ్చి కూర్చోవడం నాకింకా అలవాటు కాలేదు.

మొన్న మళ్లీ ఒకామె అడిగింది, ప్లాంటులో పనిచేసే అతని భార్య. పిల్లలిద్దరూ, అత్తా మామా, అందరూ పోతున్నారట. తిండికి ముందే కడితే కలిసొస్తుందా అక్కా అని. ఇంట్లో అందరూ బాగా తినేవాళ్లేనా అని అడిగాను. ఆ, మా మామగారైతే రెండుసార్లు పెట్టించుకుంటారని నవ్వింది. అయితే తీసుకోమన్నాను, ఆ గ్లాసు ఒక్కటి చాలు, ఎండల్లో డబ్బులు రాబట్టేస్తారని చెప్పాను. ఆమె క్యారియరు అందుకుని, ఎండకు నోరు పిడచకట్టుకుపోతోందక్కా అంటూ బల్ల మీది జగ్గు ఎత్తి నీళ్లు తాగింది. నాకూ దాహంగానే ఉంది. జగ్గు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె వెళ్లాక లేచి వంటింట్లోకి పోయి తాగాను.