ఎడమ నుంచి మూడో మనిషి

విల్మా మెంగీనికి ఎనభై నాలుగేళ్ళు. పింటో వెల్స్ ఊళ్ళో బతికున్నవాళ్ళ కంటే పోయినవాళ్ళనే ఆవిడ తొందరగా గుర్తుపడుతుంది. మతిమరుపు వల్ల కాదు. బతికున్నవాళ్ళ మీద అంత ఆసక్తి లేకపోవడం వల్ల.

అమెరికాలోని వయోమింగ్ గాలికి తలుపు సరిగ్గా మూసుకోని ఆ రైల్వే డిపోలో ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిగ్రాఫ్ గుమాస్తాగా పనిచేసింది. తర్వాత రైళ్ళు అక్కడ ఆగడం మానేశాయి. డిపోని మ్యూజియం చేశారు. విల్మా అదే కుర్చీలో కూర్చుండిపోయింది. జీతం ఒక్కటే ఆగింది.

ప్రతి బుధవారం పదింటికి ఊరి ముసలివాళ్ళు అక్కడ చేరతారు. అట్టపెట్టెల నిండా పాత ఫొటోలు. మట్టిగుడిసె ముందు బిగుసుకుని నిలబడ్డ సంసారాలు, గుడారపు బళ్ళు, పట్టాలు వేసే ముఠాలు, మంచులో ముక్కుదాకా కూరుకుపోయిన ఇంజన్లు. వెనక పేరు ఉండదు. ఉన్నా 'అత్తయ్య, కుక్క' అని ఉంటుంది. ఎవరు అత్తయ్యో ఫొటో చూసి తేల్చుకోవాలి, అదీ ఒక్కోసారి సులువు కాదు. భూతద్దాలు పట్టుకుని పన్నెండింటిదాకా వాదించుకుంటారు. తర్వాత వాళ్ళలో ఒకావిడ మార్జీన్ తెచ్చిన చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర, దాల్చినచెక్క రొట్టెలు తిని, తేలని పేర్లు వచ్చే బుధవారానికి వదిలేసి ఇళ్ళకు పోతారు.

ఆ బల్ల దగ్గర విల్మా పెట్టిన నియమం ఒకటుంది. ఎవరూ తమ సొంతవాళ్ళ పేరు తామే చెప్పకూడదు. ఏ చుట్టరికమూ లేని ఇద్దరు సంతకం పెడితేనే ఫొటో వెనక పెన్సిలుతో పేరు ఎక్కుతుంది. ఈ నియమానికి కారణం డ్వైట్ హాస్లమ్. గొర్రెల మందలు మేపి ముసలివాడైన ఈ పెద్దమనిషి తన చిన్నతాత ఓరిన్‌ని మొత్తం పదకొండు ఫొటోల్లో కనిపెట్టాడు. అందులో ఒకదాంట్లో ఓరిన్ రెండు చోట్ల ఉన్నాడు.

"మీసం కనబడితే చాలు, నీకు ఓరిన్ కనబడతాడు" అంటుంది విల్మా.

"మా ఓరిన్‌కి మీసం ఉండేది మరి!"

"ఆ రోజుల్లో గుర్రాలకి తప్ప అందరికీ ఉండేది. ముఖం చూడకు డ్వైట్. నువ్వేం కావాలంటే ముఖం అదే చెబుతుంది. చేతులు చూడు, వెనక గోడ చూడు, కిటికీ చూడు."

డ్వైట్ తలూపి మళ్ళీ మీసాలే చూస్తాడు.

నియమానికి లొంగని ఫొటో ఒక్కటే. అది గుమ్మం పక్కనే గోడకుంది. పట్టాల మరమ్మతు ముఠా, ఏడుగురు మనుషులు, చేతుల్లో గునపాలు. ఎడమ నుంచి మూడో మనిషి తుల్లియో మెంగీని, విల్మా తాత. సంవత్సరం 1903. నియమం పుట్టకముందే, 1988లో, విల్మా స్వయంగా ఆయన్ని గుర్తుపట్టి పేరు రాసింది. తర్వాత ఆ ఫొటో ఊరి క్యాలెండరు మీదికీ, కాఫీ కప్పుల మీదికీ ఎక్కింది. తాత పోయిన ఎనిమిదేళ్ళకు విల్మా పుట్టింది. ఇంట్లో ఆయన బొమ్మ మరొకటి లేదు. అందుకే ఆ ఒక్క ముఖాన్నే పింగాణీ బిళ్ళ మీద కాల్పించి, తాతలాగే ఆల్ప్స్ కొండల్లోని టిరోల్ నుంచి వచ్చినవాళ్ళ సమాధులన్నిటికీ ఉన్నట్టే, తాత సమాధిరాయికి అతికించింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ఆ ఫొటోలో తాత చుబుకం చూపించేది. మొండిగడ్డం. అది తనకూ వచ్చిందని ఆవిడ గర్వం.

ఏప్రిల్‌లో ఒక బుధవారం పక్క రాష్ట్రం యూటా నుంచి ఒక ముసలాయన కారు నడుపుకుంటూ వచ్చాడు. పేరు ఆర్టీ మనోలాకిస్, అక్కడి ప్రైస్ అనే ఊరి బొగ్గుగనుల్లో పనిచేసి రిటైరైన గ్రీకు మనిషి. టోపీ తీసి, గుమ్మంలోనే ఆగి, గోడ మీది ఫొటో వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కోటు జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అదే ఫొటో. ఎడమ నుంచి మూడో మనిషి నెత్తి మీద సిరాతో ఇంటూ గుర్తు ఉంది.

"మా తాతండీ. సిఫిస్ మనోలాకిస్. ఇది గ్రీసులో, క్రీటు దీవిలో ఉన్న మా నాయనమ్మకి పంపాడు. వెనక రాసిన చివరి మాట కూడా ఈ ఊరి పేరే. తర్వాత ఉత్తరం లేదు. మంచుచరియ విరిగి మీద పడి పోయాడని ఎవరో చెప్పారు. మా నాన్న పదహారేళ్ళప్పుడు ఈయన్ని వెతుక్కుంటూ ఈ దేశం వచ్చి, గనిలో చేరి, వెతుకుతూనే పోయాడు. సమాధి లేదు. ఫలానా చోట ఫలానా మనిషి ఉన్నాడని ఎక్కడా ఒక్క కాగితం లేదు. మీ పుస్తకంలో పేరు ఎక్కిస్తారేమోనని వచ్చాను. ఇక నా తర్వాత అడిగేవాళ్ళు లేరు మేడమ్."

మార్జీన్ ఆయనకు చిల్లీ గిన్నె జరిపింది.

"ఇంటూ గుర్తు ఎవరైనా పెట్టొచ్చు" అంది విల్మా.

"అవునండీ. కానీ ఇది ఆయనే పెట్టాడు."

"అది విల్మా వాళ్ళ తాత తుల్లియో కదయ్యా!" అన్నాడు డ్వైట్, కార్డుని ముక్కుకి ఆనించి చూస్తూ. "కప్పుల మీద కూడా ఉన్నాడు."

విల్మా కార్డు లాక్కుని భూతద్దం పెట్టింది. గోడ మీది ఫొటోకి ఎడమ అంచు ఎవరో చట్రానికి సరిపోయేలా ఎప్పుడో కత్తిరించేశారు. ఆ చివర కనబడే చెక్కల్ని అందరూ కొట్టం గోడ అనుకున్నారు. కార్డుకి ఆ అంచు ఉంది. అది కొట్టం కాదు, ఇంజన్లకు నీళ్ళు పట్టే తొట్టి. పైన గొడుగులాంటి కప్పు. పాత తొట్టికి బల్లపరుపు మూత ఉండేది, అది 1910లో తగలబడితే మరుసటి ఏడు ఈ గొడుగు కప్పుది కట్టారు. గొడుగు కప్పు ఉంటే ఆ ఫొటో 1911 తర్వాతదని విల్మా ఈ బల్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా అందరికీ పాఠం చెబుతోంది. ఆవిడ తల ఎత్తి చూసింది. డ్వైట్ రొట్టె తింటున్నాడు. మార్జీన్ కళ్ళద్దాలు ఇంట్లో మరిచింది. తను చెప్పినదేదీ ఒక్కరూ వినలేదని విల్మాకు మొట్టమొదటిసారి సంతోషం వేసింది.

"రేపు పొద్దున రండి. చూసి చెబుతాను" అంది.

అందరూ వెళ్ళాక గోడ మీది చట్రం దించి బల్ల మీద పడుకోబెట్టింది. 1903 అన్న తేదీ ఎక్కడిది? తాత అందులో ఉన్నాడు కాబట్టి, 1906లో బోగీలు తగిలిస్తూ తాత కుడిచేతి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు కాబట్టి, ఫొటోలో చెయ్యి నిండుగా ఉంది కాబట్టి, అది అంతకుముందుదే, తాత పనిలో చేరిన ఏడాదిదే అయి ఉండాలని తనే లెక్క కట్టింది. ఇలాంటి లెక్క డ్వైట్ కట్టి ఉంటే ఏడాదిపాటు ఏడిపించి ఉండేది. గునపం పట్టుకున్న కుడిచెయ్యి మీద భూతద్దం పెట్టి లెక్కబెట్టింది. అయిదు. కళ్ళద్దాలు తుడుచుకుని లెక్కబెట్టింది. అయిదే. తొట్టి 1911, వేళ్ళు అయిదు. ఆ మనిషి తుల్లియో మెంగీని కావడానికి ఏ దారీ లేదు.

నోరు మూసుకుంటే సరిపోతుంది. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు. గ్రీకాయనకి తొట్టి సంగతి తెలీదు, మిగతావాళ్ళకి చెప్పినా ఎక్కదు. ఇంటూ గుర్తు సాక్ష్యం కాదని ఒక్క మాట అంటే ఆయన మర్యాదగా టోపీ పెట్టుకుని వెళ్ళిపోతాడు. అలాంటి మనిషే. విల్మాకు భయం వేసింది. ఈ ముఖం పోతే తాతకి వేరే ముఖం లేదు.

మర్నాడు ఆర్టీ వచ్చేసరికి డ్వైట్ కూడా ఉన్నాడు. విల్మా ఫోను చేసి పిలిపించింది.

"గురువారం నాకు పశువుల డాక్టరు పని ఉంటుందని తెలుసుగా?" అన్నాడు డ్వైట్.

"నీ గొర్రెలు చచ్చి ఆరేళ్ళయింది. కూర్చో. సంతకం పెట్టు."

ఫొటోలో మనిషి ఎవరో రాసిపెట్టే గుర్తింపు కార్డు బల్ల మీద ఉంది. పేరు: సిఫిస్ మనోలాకిస్. కాలం: 1911 తర్వాత. ఆధారం: నీటితొట్టి కప్పు, కుడిచేతి వేళ్ళు, పోస్టుకార్డు. డ్వైట్ చదివి, బల్ల మీది ఫొటో వంకా విల్మా వంకా చూశాడు. జీవితంలో మొదటిసారి ఏమీ వాదించలేదు. సంతకం పెట్టేశాడు.

"రెండో సాక్షి ఎవరండీ?" అన్నాడు ఆర్టీ.

విల్మా పెన్సిలు అందుకుంది. కార్డులో సాక్షి పేరు పక్కన ఒక గడి ఉంటుంది: 'ఫొటోలో ఉన్న వ్యక్తికి మీరేమవుతారు?' అక్కడ పెన్సిలు కాసేపు ఆగింది. 'ఏమీ కాను' అని రాసి సంతకం పెట్టింది.

ఆర్టీ కార్డు రెండు చేతులా పట్టుకుని మూడుసార్లు చదువుకున్నాడు. అప్పుడు విల్మా సమాధిరాయి సంగతి చెప్పింది. చెప్పకుండా ఉండొచ్చు, కానీ మొదలుపెట్టాక సగంలో ఆపడం ఆవిడకు చేతకాదు.

శ్మశానం ఊరి పైన గుట్ట మీద. గాలి కోట్లు పీకేస్తోంది. ఆర్టీ రాయి ముందు నిలబడి టోపీ తీసి గ్రీకులో ఏదో అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"పూలు పెట్టేవారా మేడమ్?"

"ప్రతి మే నెలాఖరుకీ. ముప్ఫై అయిదేళ్ళు."

"మావాళ్ళు పెట్టలేకపోయినవి మీరు పెట్టారన్నమాట. ఉండనివ్వండి. తియ్యకండి. ఇద్దరూ సర్దుకుంటారు."

"సర్దుకోరండీ. కింద ఒక పేరు, పైన ఇంకొకరి మొహం. ఇలాంటివి సరిచెయ్యడమే నా పని" అని విల్మా చేతిసంచిలోంచి రంగులు గీకే చాకు తీసింది.

బిళ్ళ సులువుగా రాలేదు. అతికించినవాడు నిజాయితీగా పనిచేశాడు. ఆర్టీ అంచులు పట్టుకుంటే విల్మా చుట్టూ గీకుతూ, గీకుతూ, పావుగంటకి ఊడదీసింది. ఆయన దాన్ని చేతిరుమాల్లో చుట్టి, కారు ముందు సీట్లో ఆనించి పెట్టి, బెల్టు బిగించాడు.

"నాలుగున్నర గంటల దారి. దోవ పొడుగునా ఈయనకి చెప్పాల్సినవి ఉన్నాయి" అన్నాడు. విల్మా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుని, వెళ్ళిపోయాడు.

రాయి మీద కోడిగుడ్డు ఆకారంలో ఎండిన జిగురు మిగిలింది. విల్మా దానివంక చూసింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది, గాలికి అది ఆరిపోయింది.

"నీ మొహం నాకు తెలీదు తాతా" అంది.

ఈ గుట్టకి వచ్చినప్పుడల్లా ఆవిడ ఏడాది కబుర్లన్నీ ఆ బిళ్ళకే చెప్పింది. డిపో మూసేసిన సంగతి, అమ్మ పోయిన సంగతి, మోకాలి ఆపరేషన్, డ్వైట్ మీద చాడీలు. అవన్నీ సిఫిస్ మనోలాకిస్ విన్నాడు. తాతకి ఒక్కటీ తెలీదు. విల్మా రాతి అంచు మీద కూర్చుని, కోటు గుండీలు పెట్టుకుని, 1988 నుంచి మొదలుపెట్టింది.