కెమిస్ట్రీ మేడమ్ అరచేయి

సప్లిమెంటరీ పరీక్ష ముందురోజు ట్యూషన్‌లో, నా ఎదుటే, మా అమ్మాయి తప్పు చేసిన నీళ్ల మోల్ లెక్కలోని అంకెల మీద కెమిస్ట్రీ మేడమ్ అరచేయి పెట్టేశారు. ఈసారీ తప్పితే పిల్లకు నర్సింగ్ సీటు ఉండదు.

"ఇప్పుడు చదువు బిడ్డా."

"అంకెలు కనిపిస్తలేవు మేడమ్."

"అంకెలు యాడికి పోవు. ఏం అడిగిండో జెర చూడు."

"అయ్యో, ఆటమ్స్ అడిగిండు! నేను మాలిక్యూల్స్ దగ్గరే ఆగిన."

"ఒక్క నీళ్ల మాలిక్యూల్‌ల మూడు ఆటమ్స్ ఉంటయ్. గందుకే నీకు మూడో వంతే వచ్చింది."

సీతాఫల్‌మండిలోని ఆ ట్యూషన్ గదిలో ఆమె ప్రతి లెక్కనూ అలాగే మొదలుపెట్టించేవారు. పదార్థాన్ని కొలిచే మోల్ అనే మాట కనిపించగానే పిల్లలు గుణకారంలోకి దూకుతారని ఆమెకు తెలుసు. సుద్దపొడి అంటిన ఆ అరచేయే నాకు గుర్తుంది.

పరీక్ష రాసి వచ్చి, "అంకెలు మూసి చదివిన నాన్నా" అంది మా అమ్మాయి. పరీక్షలో వచ్చిన మోల్ లెక్క తప్పలేదని నా నమ్మకం. ఫలితాలు ఇంకా రాలేదు.