కేసు ఈడనే ఉండాది

నిన్న హైకోర్టు వరండాలో నన్ను దాటుకుంటూ వెళ్లిన ఎవరో లవంగం నములుతున్నారు. ఆ ఘాటు సోకగానే నా కాళ్లు ఆగిపోయాయి. వాదనకు లేచే ముందు మా సీనియర్ సుగుణ మేడమ్ బుగ్గన ఒక లవంగం పెట్టుకునేవారు. ఆమె పోయి ఏడాది దాటింది. మద్రాసు చూలై పేటలో పుస్తకాల బైండింగు దుకాణం మీది గదే ఆమె ఆఫీసు. తరతరాలుగా ఆ ఊళ్లో పాతుకుపోయిన తెలుగు కుటుంబం వారిది. కోర్టులో ఇంగ్లీషు, గుమాస్తాతో తమిళం మాట్లాడినా, కోపమొస్తే మాత్రం తెలుగే.

నేను జూనియర్‌గా చేరిన కొత్తలో ఎస్తేరు అనే ఆమె ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో మెట్లెక్కి వచ్చింది. భర్త సూర్యం అంబత్తూరులో లేతు మిషను పనివాడు. అతని తాతలు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి రంగూను వెళ్లినవారు. సూర్యం అక్కడే పుట్టాడు; బర్మాలో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు నిరసన ఊరేగింపుల్లో నడిచాడు. పోలీసులు తరిమితే సరిహద్దు దాటి వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకున్నాడు. కాగితాలు లేవని ఇక్కడి పోలీసులు అతన్ని పట్టుకున్నారు. వెనక్కి పంపితే జైల్లో వేస్తారని మొత్తుకున్నా వినకుండా విమానం ఎక్కించేశారు. రంగూనులో దిగీ దిగగానే జైలుకు తీసుకుపోయారు.

“ఇద్దరు లాయర్లను అడిగినా మేడమ్. మనిషే ఎళ్లిపోయినాక ఇంకేం కేసమ్మా, అయిపోయింది అంటాండారు” అంది ఎస్తేరు.

“ఎవురు చెప్పింది? నీ మొగుడు ఈడ లేడు, అంతే. కేసు ఈడనే ఉండాది. కూచో” అన్నారు మేడమ్.

సూర్యాన్ని వెనక్కి రప్పించాలని మేడమ్ హైకోర్టులో పిటిషన్ వేశారు. మనిషి దేశం దాటాక ఈ కోర్టు చేయగలిగిందేమీ లేదని, పరాయి జైలు మన చేతుల్లో ఉండదని ప్రభుత్వ న్యాయవాది వాదించారు. మేడమ్ గొంతు పెంచలేదు. “పంపడానికి అంత దూరం చాచిన చెయ్యి, వెనక్కి పిలవడానికి పొట్టిదైపోతుందా?” అని అడిగారు. ఇంగ్లీషులోనే అన్నారు గానీ, నాకు ఆ మాట తెలుగులోనే గుర్తుండిపోయింది.

అయినా పిటిషన్ కొట్టేశారు. ఎస్తేరు వరండాలో కూలబడింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు. మేడమ్ నా భుజం పట్టుకుని ఊపారు.

“ఏడుపు తర్వాత పెట్టుకుందాం పాపా. అప్పీల్లో ఏం రాయాల, అది చెప్పు ముందు.”

అప్పీలు విన్న ఇద్దరు న్యాయమూర్తులు, సూర్యం మొర వినకుండా పంపడం తప్పన్నారు. రప్పించే ప్రయత్నం చేసి, ఎంతవరకు వచ్చిందో కోర్టుకు చెబుతూ ఉండాలని ప్రభుత్వాన్ని ఆదేశించారు. ఇకపై ఎవరినీ విచారణ లేకుండా అలా పంపకూడదన్నారు. అలాగే విమానం ఎక్కించాల్సిన వాళ్ల జాబితాలో ఉన్న ఒక అమ్మాయి ఆ తీర్పుతో ఇక్కడే ఉండగలిగింది. ఇప్పుడామె కోడంబాక్కంలో సినిమా వాళ్లకు బట్టలు కుడుతోంది. ఆమె మిఠాయి తెస్తే మేడమ్ పొట్లం విప్పలేదు.

“సూర్యం రానీ, తిందాం” అన్నారు.

అతను రాకముందే మేడమ్ గుండె ఆగిపోయింది. ఆ కేసు నాకు వచ్చింది. రంగూనులోని మన రాయబార కార్యాలయం వారు అతను ఏ జైల్లో ఉన్నాడో కనుక్కున్నారు. ఒకసారి ఎస్తేరుతో ఫోనులో మాట్లాడించారు కూడా. అంతకుమించి ప్రతి వాయిదాకూ ప్రభుత్వం చెప్పేది ఒక్కటే: ప్రయత్నిస్తున్నాం. మేడమ్ దగ్గర నేను చట్టం కంటే ఎక్కువగా నేర్చుకున్నది, ఆ మాట విని కూర్చోకపోవడం.

మొన్నటి వాయిదాలో న్యాయమూర్తి కాస్త విసుగ్గానే, “ఇంకా ఈ కేసు దేనికమ్మా?” అన్నారు.

“అతను ఇంకా జైల్లోనే ఉన్నాడు కనుక” అన్నాను. నిలబడే ఉన్నాను.

ఆయన మరో తేదీ వేశారు. బయటికి వచ్చి ఎస్తేరుకు ఆ తేదీ చెప్పాను.

“సరే అక్కా, ఆ పొద్దు లీవు పెడతా” అంది.