పదకొండు కంకుల దొంగ

విశ్వవిద్యాలయ ఉపకులపతి కుర్చీలో కూర్చున్నవాణ్ణి విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, మీ మొదటి పరిశోధన ఎలా మొదలైంది?" ఇన్నేళ్లూ గొంతు సవరించుకుని మాట మార్చాను. ఇవాళ నిజం చెప్పేస్తాను. దొంగతనంతో మొదలైంది. పట్టపగలు, చేతిలో కొడవలితో సహా పట్టుబడ్డాను. ఇక మీ ఇష్టం, నవ్వుకోండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయిన రోజులవి. కరీంనగర్‌లో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. ఇరవై ఆరేళ్ల వయసు, జేబులో మూడు ఫౌంటెన్ పెన్నులు, వాటికి సరిపడని బుద్ధి. హైదరాబాదులో నా పరిశోధనకు పెద్దదిక్కయిన ప్రొఫెసర్‌గారు, "కొత్త రకం జొన్న ఏదైనా తెస్తే తప్ప నా ఎదుట పడకు" అన్నారు. సెలవు పెట్టి, ఆదిలాబాదు జిల్లాకు పోయి, ఇచ్చోడలో బస్సు దిగి, చేలగట్ల వెంట నడక మొదలుపెట్టాను.

ఆ ఏడు కోతల ముందు వాన వదల్లేదు. ఎక్కడ చూసినా జొన్న కంకులు బూజు పట్టి, పొయ్యిలోంచి తీసినట్టు నల్లగా ఉన్నాయి. ఒక్క చేనులో మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి పదకొండు కంకులు ముత్యాల్లా మెరుస్తున్నాయి. ప్రతి కంకి మెడకూ ఒక ఎర్ర గుడ్డపేలిక ముడేసి ఉంది.

మీరైతే ఏమనుకుంటారు? ఎవరో గుర్తు పెట్టుకున్నారనుకుంటారు. నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కదా, గాలికి కొట్టుకొచ్చి చిక్కుకున్నాయనుకున్నాను. ఆ గాలి పదకొండు చోట్ల, అదీ రెండేసి ముళ్లు, ఎలా వేసిందన్న అనుమానమే రాలేదు. వెంట తెచ్చుకున్న కొడవలితో పదకొండూ కోసి సంచిలో వేసుకున్నాను.

"ఓర్నీ! ఎవడ్రా గాడు, నా ఇత్తునం కోసుకపోతుండు!"

తన విత్తనాలు పోతున్నాయని అరుస్తూ అరవయ్యేళ్ల ముసలమ్మ గట్టు మీద నుంచి దూకుతూ వస్తోంది. పేరు రాజవ్వ అనీ, చేను ఆమెదేననీ తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, ఆమె నాకంటే వేగంగా పరుగెత్తగలదని.

"దొంగతనం కాదవ్వా, పరిశోధన" అన్నాను రొప్పుతూ.

"అంటే ఏంది?"

"వెతకడం."

"నా చేన్ల నీదేం పోయింది, ఎతుకనీకి?"

సంచి వెనక్కి దాచుకోబోయాను. ఆమె నా రెక్క పట్టుకుని ఊరి పటేలు ముందుకు లాక్కెళ్లింది. ఆయన నా బూట్లూ పెన్నులూ చూసి, "సదువుకున్నోనివి. గా పేలికలు కండ్లవడలేదా?" అన్నాడు.

"పడ్డాయి. గాలికి వచ్చాయనుకున్నాను."

"మా ఊరి గాలికి ముడేసుడు గూడ అచ్చునా సారూ?"

ఊరంతా పగలబడి నవ్వింది. రాజవ్వ నవ్వలేదు. సంచిలోంచి కంకులు ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఏడేండ్ల సంది ఏరుకుంటున్న పటేలా. అందరి జొన్నలు నల్లవడ్డా గివి తెల్లగుంటయ్. ఇంకో వారం చేన్ల ఉంటె గింజ గట్టివడునుండె. గిప్పుడు మొలుస్తయో, మొల్వయో."  నేను ఆమె ఎదుట చతికిలబడ్డాను.

"శిక్ష నువ్వే చెప్పవ్వా" అన్నాను.

"ఏం శిక్ష? గివి ఆరి, మొలిచేదాంక ఈడనే ఉండు. పిట్టలు ముట్టకుంట సూడు. మొలిస్తె పో."

పరిశోధన కీలక దశలో ఉందనీ, సెలవు పొడిగించమనీ కాలేజీకి కార్డు రాశాను. కీలక దశ అంటే, రాజవ్వ వాకిట్లో చాప పక్కన కూర్చుని పిచ్చుకలను తోలడం. నా డిగ్రీ మీద వాటికి రవ్వంత గౌరవం లేదు. మధ్యమధ్య ఆమెను అడిగేవాణ్ణి: ఏ కంకిని ఎందుకు ఉంచుకుంటావు, గింజ కొరికితే నీకేం తెలుస్తుంది అని. ఆమె చెబుతూ పోయింది, రెండు నోటుబుక్కులు నిండాయి.

పదో రోజు ఇరవై గింజలు తడి గోనెపట్టాలో చుట్టిపెట్టింది. మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. నాలుగో పొద్దున పట్టా విప్పింది. ఇరవైకి ఇరవై మొలకలు! వాకిట్లో గంతులేశాను.

"జర నిమ్మలం బిడ్డా, తొక్కుతవ్!" అంటూ తనూ నవ్వింది. వెళ్లేముందు ఒక కంకి నా చేతిలో పెట్టి, "నాడే అడుగుతె ఇయ్యకపోదునా?" అంది.

మరుసటి ఏడు కాలేజీ తోటలో ఆ జొన్న నిండు వానల్లోనూ తెల్లగా నిలిచింది. ప్రొఫెసర్‌గారు మా కాలేజీ హాల్లో పెద్ద సభ పెట్టించారు. రాజవ్వను వేదిక మీద కూర్చోబెట్టి, ఆ రకానికి 'రాజవ్వ జొన్న' అని పేరు ప్రకటించాను.

"అమ్మా, మీ పద్ధతేమిటి?" అని ప్రొఫెసర్‌గారు అడిగారు.

"పద్ధతేం లేదు సారూ. మంచిది ఇత్తునానికి ఉంచిన, ఖరాబైంది తిన్న."

ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. హాలంతా లేచింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆయన అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

"మరి మావాడు మీ జొన్నను ఎలా కనిపెట్టాడు?"

"కనిపెట్టుడా? దొంగతనం జేసిండు! కాని మంచి దొంగ సారూ, చెప్పిన పని జేస్తడు. మీ కాలేజీల గిసొంటోళ్లు ఇంకా ఉంటె తోలుండ్రి, కోతలకు మనుషులు దొరుకుతలేరు."

హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ప్రొఫెసర్‌గారు మాత్రం ఆ మాట కాగితం మీద రాసుకుని, కాలేజీకి చెప్పి ఆ కోతలకు నిజంగానే నా క్లాసు మొత్తాన్ని ఆ ఊరికి పంపించారు.

కాబట్టి ఉపకులపతి హోదాలో, పాఠకుల సమక్షంలో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: అడగకుండా ఎవరి గడ్డిపోచా తుంచను. మా పెరట్లో కరివేపాకు రెమ్మ కావాలన్నా సరే, మా ఆవిడకు దరఖాస్తు పెట్టుకుని, సంతకమయ్యాకే చెట్టు దగ్గరికి వెళ్తాను.