కాలు నేల తాకని పేషెంట్

2008 వర్షాకాలం చివర్లో విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రి కిడ్నీ విభాగంలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. కిడ్నీ మార్పిడికి ఎదురుచూసేవాళ్ల ఒంట్లో ఆపరేషన్‌ను తట్టుకునే బలం ఉందా లేదా అని చూడటం, లేకపోతే తెప్పించడం నా పని. ఆ బలం అడుగంటిపోవడాన్ని మేం ఫ్రెయిల్టీ అంటాం. చిన్న జ్వరం వచ్చినా మనిషి మంచం పట్టి మళ్లీ లేవలేని స్థితి అది.

జి.మాడుగుల దగ్గర కొండ మీది ఊరి నుంచి సోమన్న వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కి వచ్చేవాడు. కాఫీ రైతు, నలభై దాటలేదు. అక్క దేవుడమ్మ కిడ్నీ ఇస్తానంది. ఇద్దరికీ పరీక్షలన్నీ సరిపోయాయి. మిగిలింది నా దగ్గరి పరీక్షే: చేతులు గుండెకి అడ్డంగా కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవాలి. సోమన్న ఒక్కసారి కూడా లేవలేకపోయాడు. తొడ పట్టుకుంటే ఎముక తగిలింది. బరువు మాత్రం తగ్గలేదు, కండ కరిగిన చోట నీరు చేరింది కాబట్టి.

సర్జన్ గారు సూటిగా చెప్పేశారు. "ఇలా ఉండగా ఆపరేషన్ చేస్తే మంచం మీంచి లేవడు. నెలన్నర చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే అక్క కిడ్నీ తీయను."

బయట దేవుడమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాది తీసీసినాక ఆడు లెగకపోతే ఇద్దరం పడిపోతాం గదమ్మా. మా పిల్లల్ని ఎవులు సూత్తారు?"

వ్యాయామాలు నేర్పాను. కండ పట్టాలంటే ఇప్పుడు గుడ్లు తినాలని చెప్పాను. డయాలిసిస్ మొదలవక ముందు ఎవరో వద్దన్నారని అతను అప్పటికీ మానేసే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ తొడ ఇంకాస్త సన్నబడేది. నా భయం కోపంగా మారి అతని మీద అరిచేదాన్ని. "మంచం మీద సేత్తనే ఉన్నానండి," అనేవాడు మెల్లగా.

ఒక డయాలిసిస్ రోజు బస్సెక్కారో లేదో కనుక్కుందామని ఫోన్ చేశాను. వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు, కింద తారురోడ్డు మలుపు దగ్గరే అందుతుంది. దేవుడమ్మ ఎత్తింది.

"ఇప్పుడే డోలీ దింపినారమ్మా. బస్సింకా రాలేదు."

"డోలీ ఎందుకు?"

"తమ్ముణ్ణి మోసుకొచ్చీడానికి. ఆపరేసన్ అయ్యేదాకా ఆడి కాలు నేల మీద పెట్టనియ్యమని కొండ తల్లికి మొక్కుకున్నాం. ఇంట్లో కూడా ఎత్తుకునే తిప్పుతన్నాం."

ఎంత ప్రేమగా చెప్పిందో, నాకు అంత భయమేసింది. ఆసుపత్రిలో అందరిలాగే చక్రాల కుర్చీలో వస్తాడు కాబట్టి నాకు తెలియలేదు. వాడని కండ ఎవరికైనా కరుగుతుంది. కిడ్నీ జబ్బు మనిషికి ఇంకా వేగంగా కరుగుతుంది. ఆ ఊరు అతన్ని భుజాల మీద మోస్తూ ఆపరేషన్‌కు దూరం చేస్తోంది.

నెమ్మదిగా నడిపించవచ్చని డాక్టరు గారితో చెప్పించుకుని, ఆదివారం నేనే కొండెక్కాను. డోలీ కర్ర ముందు కొసని భుజానికెత్తే లచ్చన్న, సోమన్నకి పెదనాన్న. నన్ను ఎగాదిగా చూశాడు.

"మోసీది మావు. నీకేటి నొప్పి?"

"మీరు మోస్తుంటే అతని కాళ్లు చచ్చిపోతున్నాయి."

"నడిపిత్తే మనిసే సచ్చిపోతే? పట్నం గుంటవి, కేకలేసి బస్సెక్కి ఎల్లిపోతావు. అప్పుడు మోసీది కూడా మావే."

నా లోపలున్న భయమూ అదే.

దేవుడమ్మ లేచింది. "పెదనాయనా, నా కిడ్నీ పెట్టీది ఆ ఒంట్లోనే. ఆణ్ణి నడిసి సూపించమను. తల్లికి నాను సెప్పుకుంటాను. కోపమొత్తే నా మీద సూపించమను."

సోమన్న కాలు నేల మీద పెట్టాడు. కాఫీ తోట అంచు దాకా వెళ్లాలని అనుకున్నాం. కొద్ది అడుగులకే మోకాళ్లు వణికాయి, పెదాలు ఎండిపోయాయి. ఒక చేత్తో అతని నాడి పట్టుకున్నాను. రెండో చేతిలోని ఫోన్‌లో సిగ్నల్ లేదు. అక్కడ పడిపోతే ఏ డాక్టరునూ పిలవలేను. వెనకాలే ఖాళీ డోలీతో మగవాళ్లు నడుస్తున్నారు. అతను ఒక రాయి మీద కూర్చుండిపోయాడు.

"చాలా, సోమన్నా?"

"ఆళ్లని దూరంగా ఉండమనండి మేడమ్మా. డోలీ సూత్తే ఎక్కాలనిపిత్తంది."

లచ్చన్న నవ్వకుండానే డోలీ పొద చాటుకి తీసుకెళ్లాడు. సోమన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తనంతట తానే లేచాడు.

తర్వాత ప్రతి ప్రయాణంలో కొంచెం ఎక్కువ నడిచేవాడు, మిగతాది డోలీలో. గుడ్లు మొదలుపెట్టాడు. గడువు రోజున కుర్చీలోంచి నాలుగుసార్లు లేచి, ఐదోసారి సగంలో ఆగిపోయాడు. తొడలు గడగడా వణికాయి. దేవుడమ్మ గోడవైపు తిరిగిపోయింది. లేచాడు.

ఆపరేషన్ అయ్యాక సోమన్నకి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆ రోజుల్లో వార్డులోకి వెళ్లాలంటేనే నాకు భయమేసేది. కానీ అతను లేచి కూర్చోగలిగాడు, గట్టిగా దగ్గగలిగాడు, వాకర్ పట్టుకుని నిలబడగలిగాడు. బయటపడ్డాడు.

ఇప్పుడు కొత్త పేషెంట్ వస్తే రిపోర్టులు చూసే ముందు, ఇంట్లో ఏ పనులు చేస్తున్నాడని అడుగుతాను. "ఏ పనీ ముట్టనివ్వం మేడమ్, మంచినీళ్లు కూడా మేమే అందిస్తాం," అని ఇంట్లోవాళ్లు సంతోషంగా చెప్తే, నా కళ్లు ముందుగా ఆ పేషెంట్ తొడల మీదికి వెళ్తాయి.